గుమ్మం బయటి సోదరుడు

ఆ రోజు పొద్దున ఆకాశం బోర్లించిన మసిగిన్నెలా ఉంది. గాలి లేదు. పడమట మబ్బు అంచు నల్లగా కిందికి దిగి, మోసేవాడి కోసం ఆగిన మూటలా ఉంది. చూసిపోదామని వచ్చిన మబ్బు కాదది, కురవడానికే వచ్చింది. కూరగాయల మళ్లలో పుట్టి పెరిగినవాణ్ని, ఆ మాత్రం తెలుస్తుంది. శ్మశానంలో గొయ్యి తవ్వే మనిషికి నాకంటే బాగా తెలుసు.

"మధ్యాహ్నం లోపల తెచ్చెయ్యండి," అన్నాడు. "అది పల్లపు నేల. వాన పడిందంటే గొయ్యి కాదు, బావి అవుతుంది. మనిషిని నీళ్లలోకి దించాల్సొస్తుంది."

ఆ మాట తీసుకొచ్చి అక్క చెవిన వేశాను. అక్క ముందుగదిలో పెట్టె పక్కన కూర్చుని ఉంది. పెట్టెలో మా బావ. చేతులకి తెల్ల తొడుగులు, నడుముకి తెల్ల తోలు ఏప్రాను. అవి తొడగడానికి లాడ్జి వాళ్లే వస్తారని చూసి చూసి, చివరికి నేనూ మేనకోడలూ తొడిగాం.

"అంతకు ముందే అయిపోతుందిలేరా," అంది అక్క. "వాళ్లు మాటిచ్చారు. హాలు లోపలికి తీసుకెళ్లి, మీటింగు పెట్టి, ఆయన గురించి నాలుగు ముక్కలు మాట్లాడి పంపేస్తారు."

"మాటిచ్చింది ఎవరు? వాళ్ల అధ్యక్షుడు సుత్తేనా?"

"ఆయనే."

అక్కే మళ్లీ అంది. "ఆయన కోరికలేవీ తీర్చలేదని కాదురా నా బాధ. ఆయన అసలేదీ అడిగిన మనిషి కాదు. అడిగింది ఇదొక్కటే."

బావ పగలు లారీల కాటా దగ్గర గుమస్తా. కొన్ని సాయంత్రాలు ఫ్రీమేసన్ల లాడ్జికి కాపలాదారు. లాడ్జి అంటే గదులు అద్దెకిచ్చేది కాదు. అలా అనుకుని సంచులు మోసుకుంటూ వచ్చేవాళ్లు ఉండేవాళ్లు. గుమ్మం ముందు స్టూలు మీద కత్తి పట్టుకుని కూర్చున్న మనిషిని చూసి, గది సంగతి మరిచిపోయి, వెళ్లి బస్టాండులో పడుకునేవాళ్లు.

ఇది పెద్దమనుషుల సంఘం. ఒకరినొకరు సోదరా అని పిలుచుకుంటారు. తాపీమేస్త్రీల్లా ఏప్రాన్లు కట్టుకుని, మూలమట్టం, కంపాసు బొమ్మలు మెడలో వేలాడేసుకుంటారు. వాళ్లలో ఇటుక మీద ఇటుక పెట్టినవాడు ఒక్కడూ లేడు. ఓసారి పైకప్పు కారుతుంటే బాగుచెయ్యడానికి నిజం మేస్త్రీ ఒకాయన వచ్చాడట. గోడ మీది బొమ్మలన్నీ తన పనిముట్లే కావడం చూసి ముచ్చటపడి, నన్నూ చేర్చుకుంటారా అని అడిగాడట. దాన్ని తలుచుకుని చాలాకాలం నవ్వుకున్నారని బావే చెప్పాడు. చెప్పి తనూ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

లోపల మీటింగు జరగాలంటే బయట ఒక సోదరుడు కత్తితో కాపలా ఉండాలి. అది వాళ్ల కట్టుబాటు. తలుపు మూశాక లోపల్నించి మూడు దెబ్బలు కొడతారు. బయటి కాపలాదారు కత్తి పిడితో తిరిగి మూడు దెబ్బలు కొట్టాలి. పరాయివాడెవడూ వినడం లేదు, కానివ్వండి అని దానర్థం. ముగించేటప్పుడూ అంతే. బయటి జవాబు రానిదే మీటింగు మొదలవదు, ముగియదు.

ధాన్యం వ్యాపారి సుత్తి బావని చేర్పించాడు. కొయ్య సుత్తితో బల్ల మీద కొట్టి మీటింగు నడిపేది ఆయనే కాబట్టి ఆ పేరు. ఆయన మాట్లాడ్డం విన్నవాళ్లు ఆ పేరుకి ఇంకో కారణం కూడా చెబుతారు. బావని చేర్చుకున్న రోజు కళ్లకి గంతలు కట్టి లోపల తిప్పారు. గంతలు విప్పాక కాసేపు కూర్చోబెట్టారు. అంతే. ఆ ఏడే పాత కాపలాదారు పోతే, కొత్తవాడివి నువ్వే కదా అని బావని బయట కూర్చోబెట్టారు. వచ్చే ఏడు మారుస్తాం అన్నారు. ప్రతి ఏడూ అన్నారు. పగలు కాటా గదిలో, సాయంత్రం గుమ్మం బయట. మా బావ బతుకంతా ఏదో ఒకదాని పక్కన కూర్చోవడమే. ఆ కత్తిని మాత్రం అద్దంలా తోమేవాడు. పెళ్లాం చేతి గాజు ఎప్పుడు చిట్లిందో తెలియదు గాని, కత్తి మీద చుక్కంత తుప్పు కనిపిస్తే అన్నం సహించేది కాదు. ఆ సంబడానికి నేనెన్నోసార్లు తిట్టాను. "నీకు అర్థం కాదులే బావమరిదీ," అనేవాడు.

మంచాన పడ్డాక ఒక్క సోదరుడు వచ్చి తొంగిచూడలేదు. పరామర్శకి ప్రస్తుత అధ్యక్షుడు వెళ్లాలా, మాజీ అధ్యక్షుడు వెళ్లాలా అన్నది తేలలేదట. అప్పుడే బావ అక్కతో అన్నాడు, పోయాకైనా ఒకసారి లోపల ఉంచి మీటింగు పెట్టమనమని.

కాటా దగ్గరి లారీ డ్రైవర్లు నలుగురు వచ్చారు. ఎవరూ పిలవలేదు. లారీ కడిగి, తడి ఆరకముందే తెచ్చి వాకిట్లో పెట్టారు. వాళ్లలో పొడుగు డ్రైవరు పెట్టె తల వైపు పట్టుకుని, "పిన్నీ, మెల్లగా తీసుకెళ్తాంలే, కుదుపు తెలియనివ్వం," అన్నాడు. తర్వాత నాతో గొంతు తగ్గించి, "నా బండి తూకం ఎన్నిసార్లు వేశాడో మీ బావ. ఇవాళ ఆయన్నే నేను ఎక్కిస్తున్నా," అని ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

లాడ్జి ఉన్నది పాత బజారు వెనక. మూడు మెట్లు, పొడుగాటి వసారా, వసారా చివర హాలు తలుపు. ఆ తలుపు పక్కన బావ స్టూలు. గోడ నిండా మాజీ అధ్యక్షుల ఫోటోలు. ఒక్కడి మొహంలోనూ నవ్వు లేదు. కలరా ఉండల వాసన. పదిమంది దాకా సోదరులు ఏప్రాన్లు కట్టుకుని నిలబడి ఉన్నారు. పెట్టె వసారాలో దించగానే అందరూ తలలు వంచారు. అది బాగానే చేశారు, అలవాటైన పని.

"తలుపు తీయించండి," అంది అక్క.

సుత్తి దగ్గాడు. పక్కనున్న చరిత్ర వైపు చూశాడు. చరిత్ర అంటే రిటైరైన బడిపంతులు, లాడ్జి చరిత్ర రాస్తున్నాడు. ఎన్నేళ్లుగా రాస్తున్నాడో ఆ చరిత్రలో ఇంకా చేరలేదు.

"చిన్న ఇబ్బంది వచ్చిపడిందమ్మా," అన్నాడు సుత్తి. "బయట కాపలా లేనిదే లాడ్జి తెరవకూడదు. కాపలాదారు... ఈయనే కదా."

"అయితే ఇంకొకర్ని కూర్చోబెట్టండి."

"కొత్త కాపలాదారుని ఎన్నుకోవాలంటే మీటింగు పెట్టాలి. మీటింగు పెట్టాలంటే కాపలాదారు కావాలి."

మేనకోడలు దర్జీ పని చేస్తుంది. నోరు దాని కత్తెర కంటే పదును. "గుడ్డు ముందా పిల్ల ముందా అన్నట్టుంది," అంది. "ఇవాళ ఒక్కపూటకి మీలో ఒకరు స్టూలు మీద కూర్చుంటే అరిగిపోతారా?"

సోదరులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు మొదలైంది. మందుల షాపాయన తనకి చలిగాలి పడదన్నాడు. గాలి లేదని ముందే చెప్పాను. పళ్ల డాక్టరు, తను లోపలి గడియ దగ్గర ఉండాల్సినవాణ్ని, బయట ఎలా కూర్చుంటానన్నాడు. మిగతా అందరూ ఏదో ఒక ఏడు అధ్యక్షులు అయినవాళ్లే.

"అధ్యక్ష పీఠం ఎక్కినవాడు గుమ్మం బయట కూర్చున్న దాఖలా మన చరిత్రలో లేదు," అన్నాడు చరిత్ర.

"ఇవాళ కూర్చుంటే అదీ చరిత్రే కదండీ, రాసుకోండి," అన్నాడు పొడుగు డ్రైవరు.

"నువ్వెవరయ్యా మధ్యలో?"

"మోసినోణ్ణండీ."

బయట ఎక్కడో దూరంగా ఉరిమింది. అక్క లేచి నిలబడింది. "నేను కూర్చుంటాను," అంది. "కత్తి ఇటివ్వండి. ఆయన తోముతుంటే చూశాను, పట్టుకోవడం నాకూ వచ్చు."

సుత్తి నొచ్చుకున్నట్టు కళ్లు మూసుకున్నాడు. "ఆడవాళ్లు పనికిరారమ్మా. ఏమీ అనుకోవద్దు. అది మేం పెట్టింది కాదు."

"మా తమ్ముడు?"

"ఆయన సోదరుడు కాదుగా."

"నాకు సోదరుడే," అంది అక్క.

సోదరులందరూ గోడ మీది ఫోటోల వైపు చూశారు, అక్కణ్నించి ఎవరైనా దిగొచ్చి కూర్చుంటారేమో అన్నట్టు. నేను వసారా అంచుకి వెళ్లి మబ్బు చూసి వచ్చాను. సగం ఊరు మీదికి వచ్చేసింది. అలా వెళ్లడం, చూడడం, రావడం. వచ్చిన ప్రతిసారీ వాళ్ల చర్చ ఇంకో మెట్టు పైకెక్కి ఉంది, బావ నేల మీదే ఉన్నాడు.

చివరికి చరిత్ర మొహం వెలిగింది. ఆ వెలుగు చూసి నాకు భయం వేసింది.

"సోదరులారా! ఈయన పదవి ఈ ఏడాది ఆఖరు దాకా ఉంది. రాజీనామా ఇవ్వలేదు. మనం తీసెయ్యలేదు. అంటే కట్టుబాటు ప్రకారం ఇప్పటికీ బయటి కాపలాదారు ఈయనే!"

"అంటే?" అన్నాడు సుత్తి.

"ఈయన గుమ్మం దగ్గరే ఉన్నాడు. కత్తి పెట్టె మీద పెడితే, లాడ్జికి కాపలా ఉన్నట్టే."

నేను నవ్వుతారనుకున్నాను. ఒక్కడూ నవ్వలేదు. భేష్ అన్నారు. సుత్తి చరిత్ర భుజం తట్టాడు. మందుల షాపాయన కళ్లు తుడుచుకుని, "ఎంత గౌరవం! పోయాక కూడా కొలువులోనే ఉన్నాడు!" అన్నాడు. పళ్ల డాక్టరు స్టూలు పక్కకి జరిపించి, పెట్టెని ఆ చోట పెట్టించి, కత్తి అడ్డంగా మీద పెట్టాడు.

"మరి లోపలికి తీసుకెళ్లడం?" అంది అక్క.

"కాపలాదారు లోపలికొస్తే బయట ఎవరుంటారమ్మా?" అన్నాడు సుత్తి. ఎంతో ఓపికగా, పసిపిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

అందరూ లోపలికి వెళ్లారు. పళ్ల డాక్టరు ఒక్కడే బయట ఆగాడు. లోపల్నించి మూడు దెబ్బలు పడ్డాయి. పళ్ల డాక్టరు పెట్టె మీది కత్తి తీసి, పిడితో తలుపు మీద మూడు దెబ్బలు కొట్టి, "ఆయన తరఫున," అని మాకు వివరించి, కత్తి మళ్లీ పెట్టె మీద పెట్టి, తలుపు తీసుకుని లోపలికి జారుకున్నాడు.

ఆ తలుపు తెరిచిన కాస్తలో లోపల కనిపించింది. చదరంగం బల్లలా తెలుపూ నలుపూ పలకల నేల. మధ్యలో రెండు పలకలు పగిలి, సిమెంటు పూసి ఉంది. చెక్క కుర్చీల మధ్య కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు. గోడ మీద ఒక కన్ను బొమ్మ, దాని పక్కన ఆగిపోయిన ఫ్యాను.

తలుపు మూసుకుంది. అక్క దానివైపే చూస్తూ ఉండిపోయింది.

"ఇంతేనా?" అంది. "లోపల ఉన్నది ఇంతేనా?"

మేం వసారాలో కూర్చున్నాం. నేను, అక్క, మేనకోడలు, నలుగురు డ్రైవర్లు, పెట్టె. లోపల మాటలు తలుపు సందుల్లోంచి వినబడుతూనే ఉన్నాయి. అంత కాపలా పెట్టి మాట్లాడుకునే రహస్యం మాకు పైసా పనికొచ్చేది కాదు. సుత్తి మాట్లాడాడు. తర్వాత చరిత్ర అందుకున్నాడు. నది మీద వంతెన కట్టడానికి వచ్చిన ఇంజనీర్లు ఈ లాడ్జిని ఎలా స్థాపించారో, వాళ్లెంతటి మహానుభావులో మొదలుపెట్టాడు. ఆ వంతెన నేను చూడలేదు. కట్టిన కొన్నాళ్లకే వరదకి పోయిందని మా నాన్న చెప్పేవాడు. లాడ్జి మాత్రం నిలిచింది.

"నాన్న ఊసు వచ్చిందా?" అంది అక్క, తన కూతురితో.

మేనకోడలు చెవి పెట్టి వింది. "ఇంకా నాన్న పుట్టలేదమ్మా. ఇప్పుడే వంతెన కడుతున్నారు."

పొడుగు డ్రైవరు నవ్వు ఆపుకోలేక మెట్ల మీదికి వెళ్లిపోయాడు. వెళ్లినవాడు ఒక్క క్షణంలో తిరిగొచ్చాడు. "అన్నా, గాలి లేచింది," అన్నాడు నాతో.

లేచింది. వీధిలో దుమ్ము గోడవారగా పరుగెడుతోంది. తడిమట్టి వాసన వచ్చేసింది, పక్క ఊళ్లో పడుతున్నట్టుంది.

"అక్కా," అన్నాను.

"వినబడింది," అంది అక్క. కదల్లేదు. "కాసేపు చూద్దాం. ఆయన పేరు వస్తుందేమో."

వచ్చింది. వంతెన అయింది, వరద అయింది, ఫలానా అధ్యక్షుడు, ఆయన తర్వాత ఫలానా ఆయన, వాళ్లు తెప్పించిన కుర్చీలు, ఆ కుర్చీల గుడ్డ రంగు, అన్నీ అయ్యాక చివర్న బావ పేరు ఒకసారి వినబడింది. "నమ్మకమైన కాపలాదారు" అన్నారు. అంతే. బల్ల మీద కొయ్య సుత్తి పడింది. కుర్చీలు జరిగాయి.

తలుపు మీద లోపల్నించి మూడు దెబ్బలు పడ్డాయి.

మేం ఒకరినొకరం చూసుకున్నాం. జవాబు చెప్పాల్సినవాడు పెట్టెలో ఉన్నాడు. అతని తరఫున చెప్పాల్సినవాడు లోపల ఉన్నాడు. ఇంతమంది పెద్దమనుషుల్లో ఒక్కడికీ ఆ సంగతి తట్టలేదు.

మళ్లీ మూడు దెబ్బలు. ఈసారి కాస్త గట్టిగా. లోపల గుసగుసలు. తాళం సందులోంచి పళ్ల డాక్టరు గొంతు వచ్చింది.

"అమ్మా... అమ్మా! కొంచెం ఆ కత్తి తీసుకుని పిడితో మూడు దెబ్బలు కొట్టండమ్మా. అవి పడనిదే ముగించకూడదు. ముగించనిదే మేం బయటికి రాకూడదు."

తలుపుకి బయట గడియ లేదు. ఉన్న గడియ లోపలే, ఆయన చేతి కిందే ఉంది.

అక్క లేచింది. పెట్టె మీద కత్తి తీసుకుంది. దాని వైపు కాసేపు చూసింది. తలుపు దగ్గరికి వెళ్లి తాళం సందు దగ్గర వంగింది.

"నేను ఆడదాన్ని కదండీ," అంది. "పనికిరాను."

"అయ్యో, అలా కాదమ్మా. ఇది వేరు. పోనీ మీ తమ్ముణ్ని..."

"ఆయన సోదరుడు కాదుగా."

లోపల చాలా గొంతులు ఒకేసారి లేచాయి. చరిత్ర గొంతు ఏదో పాత సంఘటన చెబుతోంది. అక్క కత్తిని స్టూలు మీద పెట్టింది. పెట్టె దగ్గరికొచ్చి, మూత తీసి, బావ ఏప్రాను ముడి విప్పింది. చేతి తొడుగులు ఒక్కో వేలూ లాగి తీసింది. తొడుగుల కింద బావ చేతులు, కాటా గదిలో సిరా అంటిన ఆ చేతులు, మామూలుగా ఉన్నాయి. మడతపెట్టి అన్నీ స్టూలు మీదే పెట్టి, పెట్టె మూత వేసింది.

"ఎత్తండి నాయనా," అంది డ్రైవర్లతో. "వానొచ్చేస్తోంది."

"లోపల వీళ్లు, పిన్నీ?"

"చదువుకున్నవాళ్లేగా. తలుపు తీసుకోవడం వాళ్లకే తెలుస్తుంది."

లారీ కదిలేటప్పుడు కూడా ఆ మూడు దెబ్బలు వినబడుతూనే ఉన్నాయి.

శ్మశానంలో గొయ్యి పొడిగానే ఉంది. తవ్వే మనిషి మబ్బుని బూతులు తిడుతూ మా కోసం చూస్తున్నాడు. డ్రైవర్లు తాళ్లు పట్టుకుని కుదుపు లేకుండా దించారు. ఎవరూ ప్రసంగం చెయ్యలేదు. మట్టి వెయ్యడానికి ముందు మేనకోడలు వంగి, "నాన్నా, ఇక్కడ బయటా లోపలా లేవులే," అని ఏదో అనబోయి, మధ్యలో ఆపేసి ఏడ్చింది. అక్క ఏడవలేదు. మట్టి పూర్తిగా కప్పి, పారలతో చదును చేసేసరికి మొదటి చినుకులు పడ్డాయి, పెద్దవి, ఒక్కోటి రాయిలా.

ఇంటికి వచ్చి అక్క పొయ్యి వెలిగించింది. ఎవరు వద్దన్నా వినలేదు. నా మళ్లో బంగాళాదుంపలు నిన్ననే తెచ్చిపెట్టాను. అవి కూర చేసింది. అన్నం వండింది. డ్రైవర్లు తడి చొక్కాలు పిండి కిటికీకి ఆరేసుకుని, బనియన్లతో ముందుగదిలో చాప మీద కూర్చున్నారు. వాన మాట వినబడనివ్వకుండా కురుస్తోంది.

అప్పుడు వాళ్లు వచ్చారు. పదిమందీ ఒకేసారి. ఎలా బయటపడ్డారో నేనడగలేదు, వాళ్లూ చెప్పలేదు. శ్మశానం దాకా వెళ్లొచ్చారని కాళ్ల బురద చూస్తే తెలుస్తోంది. ఏప్రాన్లు తడిసి తొడలకి అంటుకుపోయి ఉన్నాయి. సుత్తి గుమ్మంలోనే ఆగి, "ఎంత పని జరిగింది తల్లీ," అని మొదలుపెట్టాడు.

"కాళ్లు కడుక్కోండి," అంది అక్క.

కడుక్కున్నారు. ఒక్కటే చెంబు, వంతుల వారీగా. ఎవరు ముందు అన్నది అక్కడ తేల్చలేదు. లోపలికి వచ్చి, చాప మీద ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ, డ్రైవర్ల మధ్యలో ఇరుక్కుని కూర్చున్నారు. సుత్తికి పొడుగు డ్రైవరు పక్కన చోటు దొరికింది. డ్రైవరు కాస్త జరిగాడు. చరిత్ర మోకాళ్లు వంచడానికి గోడ పట్టుకున్నాడు.

మేనకోడలు పళ్లాలు వేసింది. అక్క అన్నం వడ్డించుకుంటూ వెళ్లింది, డ్రైవరుకీ అదే గరిటె, సోదరుడికీ అదే గరిటె. సుత్తి మళ్లీ నోరు తెరిచాడు. అక్క ఆగి, ఆయన మొహంలోకి చూసి, ఆయన పళ్లెంలో ఇంకో గరిటె కూర వేసింది. ఆయన నోరు మూసుకుని ముద్ద కలిపాడు.

పళ్ల డాక్టరు తల ఎత్తకుండా తింటున్నాడు. చరిత్ర పళ్లెం అంచు మీద మెతుకు వేలితో జరిపి జరిపి చివరికి నోట్లో పెట్టుకున్నాడు. అందరికీ అయ్యాక అక్క తనకీ ఒక పళ్లెం పెట్టుకుని వచ్చి, పొడుగు డ్రైవరుకి ఎదురుగా, నా పక్కన కూర్చుని, తినడం మొదలుపెట్టింది.